డెమో పీసు చూసి డబ్బు కట్టకండి బాబూ, పెట్టెలో ఉండేది వేరు

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. బెజవాడలో ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. షాపు పేరు రాయను, రాస్తే లాయరు నోటీసు పంపే రకం ఆ పెద్దమనిషి. మెట్లెక్కగానే మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టే షాపు అంటే తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

నాది తెనాలి. పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పాత ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. స్క్రీన్ బంగారం, కానీ ఫోటోషాప్ తెరిచి బయటికెళ్ళి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సరే, మార్చేద్దామని శనివారం బస్సెక్కాను.

నేనేం కళ్ళు మూసుకుని వెళ్ళలేదండీ. అసలు మంట అక్కడే. పాత ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని మరీ వెళ్ళాను. పెన్‌డ్రైవ్‌లో నాకు బాగా తెలిసిన ఫోటో ఒకటి పెట్టుకున్నాను. జీలకర్రా బెల్లం పెట్టే వేళ తీసిన క్లోజప్, పెళ్ళికూతురిది రాణి రంగు పట్టుచీర, చిలకపచ్చ అంచు, నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు. డెమో పీసు పక్కన పాతది పెట్టి, రెండిటికీ బ్రైట్‌నెస్ ఫుల్ చేసి చూశాను. అద్దాల తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఎండ వెలుగులో కూడా చూశాను. డెమో పీసు నా పాతదాని కంటే ఒక మెట్టు పైనే ఉంది. పక్కనున్న కార్డు మీద 300 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసుంది. నిట్స్ అంటే స్క్రీన్ వెలుగు కొలత, ఎస్‌ఆర్‌జీబీ అంటే ఫోటోలకి మామూలుగా వాడే రంగుల పరిధి. ఫోటో తీసి మా ఆవిడకి వాట్సాప్‌లో పంపాను, "ఇదే తీసుకుంటున్నా" అని. (ఆ ఒక్క ఫోటోనే ఇప్పుడు నాకు దిక్కు.)

"ఇంత చెక్ చేసి కొనే కస్టమర్‌ని నేను చూళ్ళేదన్నా" అన్నాడు కౌంటర్ కుర్రాడు. పొంగిపోయాను. పొగిడినప్పుడే అనుమానం రావాలి కదా మనిషికి!

68,500 కట్టాను. లోపల్నుంచి సీలున్న పెట్టె తెచ్చాడు. విప్పి ఒకసారి ఆన్ చేద్దాం తమ్ముడూ అంటే, "సీలు ఇక్కడ తీస్తే తర్వాత వారంటీకి ఇబ్బందన్నా, ఇంటికెళ్ళి ప్రశాంతంగా విప్పుకోండి" అన్నాడు. నేను విన్నాను. డెమో పీసుని గంటన్నర పరీక్ష పెట్టినవాణ్ణి, డబ్బు కట్టిన పీసుని ఒక్క నిమిషం కూడా చూడకుండా చంకలో పెట్టుకుని బస్టాండుకి పోయాను. స్క్రీన్ గార్డ్ కూడా ఫ్రీగా ఇచ్చాడు, ఆ రంగుల్ని ఎవరైనా గీరుకుపోతారని కాబోలు.

రాత్రి స్టూడియోలో విప్పి అదే ఫోటో తెరిచాను. కుంకుమ బొట్టు ఇటుక పొడి రంగులో ఉంది. రాణి రంగు చీర నాలుగు ఉతుకులు ఉతికి ఎండలో ఆరేసినట్టు వెలిసిపోయి ఉంది. నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో అని చూశాను, లేదు. బ్యాటరీ సేవర్ అనుకున్నాను, కాదు. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో సాచురేషన్ పెంచితే పెళ్ళికూతురి ముఖం టమాటా అయింది కానీ చీరకి రావాల్సిన ఎరుపు రాలేదు. రాదు కూడా. ప్యానెల్ (అంటే లోపలి స్క్రీన్ పలక) పుట్టుకతో చూపించలేని రంగుని ఏ సెట్టింగూ తెచ్చిపెట్టలేదు. పక్కన ఎనిమిదేళ్ళ పాతది పెట్టి చూస్తే, పాతదే కొత్తదానిలా ఉంది.

అప్పుడు పెట్టె మీది మోడల్ కోడ్ చదివాను. వాట్సాప్ ఫోటోలో కార్డు మీదున్న కోడ్‌తో పోలిస్తే అంతా అదే, చివరి రెండక్షరాలు తప్ప. కంపెనీ సైట్‌లో ఆ కోడ్ కొడితే వచ్చింది: 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్తాను. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ లెక్క. దాంట్లో 72 శాతం ఉంటే మనకి కావాల్సిన ఎస్‌ఆర్‌జీబీ దాదాపు పూర్తిగా వచ్చినట్టు. 45 శాతం అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులు కూడా రావు, అందులోనూ ముందు దెబ్బతినేది ఎరుపే. పెళ్ళి ఫోటోల్లో ఎరుపు లేకపోతే ఇంకేం మిగిలినట్టు? పెట్టె మీద మాత్రం 'ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్' అని ఇంత లావు అక్షరాలు. ఐపీఎస్ అంటే పక్కనుంచి చూసినా బొమ్మ మారదని. రంగులు బాగుంటాయని దానర్థం కాదు.

సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సు. ఈసారి మజ్జిగ లేదు. శనివారం అన్నా అన్న కుర్రాడు సోమవారానికి సార్ అన్నాడు. ఓనర్ వచ్చాడు. రెండు కోడ్‌లూ చూపించాను. కార్డు పాత స్టాకుదట, అడుగున చిన్నక్షరాల్లో 'స్పెసిఫికేషన్స్ మారవచ్చు' అని ఉందట, నేను చదువుకోవాలట. ఆ తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"ప్రాసెసర్ అదేనా కాదా? ర్యామ్ అదేనా కాదా? స్క్రీన్ వెలుగుతోందా లేదా?"

వెలుగుతోంది అన్నాను.

"మరింకేంటి గురువుగారూ మీ బాధ? రంగులు తేడాగా కనిపిస్తే ల్యాప్‌టాప్‌తో నా దగ్గరికి రావడం కాదు, కంటి డాక్టర్ దగ్గరికెళ్ళాలి."

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. పద్దెనిమిదేళ్ళుగా రంగులు సరిచేసి అన్నం తింటున్నవాణ్ణి, నోట మాట రాలేదు. సరే, పక్కనే మీ డెమో పీసు ఉందిగా, రెండూ పక్కపక్కన పెట్టి ఈ నలుగురికీ చూపిద్దాం అని అటు తిరిగాను. మేం మాట్లాడుకుంటుండగానే ఆ కుర్రాడు చప్పుడు కాకుండా డెమో పీసు మూత దించేస్తున్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. మూత దించి, చార్జర్ వైరు చుట్టి, కౌంటర్ కింద పెట్టేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ మూత దించిన తీరే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. అంటే వాడికి తెలుసు! శనివారం నన్ను పొగిడినప్పుడూ తెలుసు.

బిల్లు చూసుకుంటే 'ల్యాప్‌టాప్ - 1' అనీ, సీరియల్ నంబరూ, అంతే. అడుగున అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు అని స్టాంపు. ఆ స్టాంపుకి భయపడకండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనంటే, బిల్లులో గడువు రాయనప్పుడు 30 రోజుల వరకు అది అనుచిత వ్యాపారం కిందికే వస్తుంది. వాడు ఇది లోపం కాదని వాదిస్తాడని తెలుసు. అయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, వాట్సాప్ ఫోటో, పెట్టె లేబుల్, బిల్లు అన్నీ పెట్టాను. ఏమవుతుందో చూడాలి.

కొనబోయేవాళ్ళు ఇంత మాత్రం చేయండి. డెమో కాదు, మీ పెట్టె విప్పించి, మీ పీసు మీదే మీ ఫోటో చూడండి. విప్పనివ్వకపోతే లేచి వచ్చేయండి. మోడల్ కోడ్ చివరి అక్షరం వరకు, నిట్స్, ఎస్‌ఆర్‌జీబీ శాతంతో సహా బిల్లు మీద రాయించండి. ఆన్ చేశాక విండోస్ డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ విప్పి, కింద వచ్చే పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌కి వెళ్తే బీఓఈ, ఏయూఓ, సీఎంఎన్ లాంటి మూడక్షరాలూ ఒక నంబరూ వస్తాయి, ప్యానెల్ ఎవరిదో తెలుస్తుంది. డెమోలో, మీ దాంట్లో అవి వేరుగా ఉంటే అక్కడే ఆగండి. ఆఫీసు పనికీ, సినిమాలకీ అయితే 250 నిట్స్‌తో ఇంట్లో సర్దుకోవచ్చు. కిటికీ పక్కన కూర్చుని చేసేవాళ్ళు 300కి తగ్గొద్దు, 400 ఉంటే హాయి.

ఇది రాస్తుండగానే షాపు నుంచి ఫోన్ వచ్చింది, ఆ కుర్రాడే. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే మంచి ప్యానెల్ తెప్పించి మారుస్తారట, ఏడు వేలు ఎక్స్‌ట్రా. ఏ ప్యానెల్ తమ్ముడూ, నంబర్ చెప్పు అన్నాను. "అదంతా మా టెక్నీషియన్‌కి తెలుసన్నా, మీరు రండి చాలు" అన్నాడు. మళ్ళీ అన్నా అయ్యాను.