మైలాపూర్ ఫ్రేమ్ షాపు: ఎడమ పక్కన ఒక అంగుళం

ముందు రేటు చెప్పేస్తాను, సగం మంది దానికోసమే చదువుతారు. 14 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తున్న పాత మ్యాప్‌కి టేకు రంగు బీడింగ్, తెల్ల మౌంట్ (బొమ్మ చుట్టూ అంచులా వేసే అట్ట), అద్దం, వెనక హార్డ్‌బోర్డు, కొక్కెం అన్నీ కలిపి 1,450 రూపాయలు. బేరం ఆడాను, తగ్గలేదు. నాలుగు రోజుల్లో ఇస్తానని తొమ్మిది రోజులు తీసుకున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, మనమే వెళ్లి నిలబడాలి. బిల్లు అడిగితే కేలెండరు కాగితం వెనక రాసిచ్చాడు. ఇన్ని చెప్పాక కూడా మళ్లీ అక్కడికే వెళ్తానంటున్నానంటే దానికో కారణం ఉంది.

షాపు కపాలీశ్వరుడి గుడి మాడవీధి దాటాక, తిరుమయిలై స్టేషన్ వైపు వెళ్లే ఓ సందులో ఉంది. పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఓనరు తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. తెలుగు బాగానే మాట్లాడతాడు, మధ్యమధ్య అరవం దొర్లుతుంది. గోడంతా లక్ష్మీదేవి, మురుగన్, దండలేసిన పెద్దవాళ్ల ఫోటోలు, ఎవరిదో ఇంజనీరింగ్ డిగ్రీ. ఈ మధ్యలోకి నేను ఐర్లండ్‌లో ఒక చిన్న ఊరి మ్యాప్ పట్టుకెళ్లాను.

ఊరి పేరు స్కిబెరీన్. ఐర్లండ్ నైరుతి మూలన, కార్క్ కౌంటీలో, జనం మూడు వేలలోపే. మా అమ్మాయి పురుటికి వెళ్లి అక్కడ మూడు నెలలు ఉన్నాను. అమ్మాయి సాఫ్ట్‌వేరే. ఆ ఊళ్లో పాత బేకరీ భవనాన్ని బాగుచేసి, హైస్పీడ్ ఇంటర్నెట్ పెట్టి, ఆఫీసులా వాడుకోమని ఇచ్చారు. దాని పేరు లడ్‌గేట్ హబ్. ఎవరీ లడ్‌గేట్ అని ఆరా తీస్తే, పెర్సీ లడ్‌గేట్, 1883లో ఆ ఊళ్లోనే పుట్టాడు. 1909లో, అంటే కరెంటు కంప్యూటర్ ఊహలో కూడా లేని రోజుల్లో, తనంతట తాను లెక్కలు చేసుకుపోయే ఒక యంత్రానికి డిజైన్ ప్రచురించాడు. యంత్రం తయారు కాలేదు, ఆయన 1922లో న్యుమోనియాతో పోయాడు. మనవడు పడుకున్నప్పుడు నాకు పనేముంటుంది? ముప్ఫై ఏళ్లు జాగ్రఫీ చెప్పినదాన్ని, ఊరు తిరిగాను.

తిరిగొచ్చేటప్పుడు అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఒక మ్యాప్ వేసిచ్చింది. 1820ల నుంచి 1840ల దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్ మొత్తాన్నీ మైలుకి ఆరు అంగుళాల స్కేలులో కొలిచి గీయించిన షీట్లలో ఒక ముక్క అది. భూమి పన్ను కట్టడానికే కొలిచారు, ప్రేమతో కాదు. అయినా ఏమి గీత! ఒక్కో ఇల్లూ, ఒక్కో కంచే కనిపిస్తాయి. మన మద్రాసు వాళ్లకి దీనితో ఒక చుట్టరికం కూడా ఉంది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే మొదటి గీత, కొలిచి భారతదేశపు పెద్ద సర్వే మొదలుపెట్టాడు కదా, ఆ పని తర్వాత అందుకున్న జార్జ్ ఎవరెస్ట్ అనే సర్వే అధికారి 1829లో ఐర్లండ్ వెళ్లి అక్కడి సర్వే పద్ధతి చూసొచ్చాడు. ఎండకి వ్యాకోచించినా కొలత మారని లోహపు కడ్డీలు అక్కడ వాడుతున్నారు. అలాంటివే ఇక్కడికి తెప్పించాడు. క్లాసులో ఇది చెప్తే పిల్లలు ఆవులించేవారు. ఫ్రేమ్ షాపు ఓనరు మాత్రం ఆవులించలేదు, అది ముందే చెప్పాలి.

మ్యాప్‌ని స్కేలు మారకుండా ప్రింటు తీయించాను. ఊరు సరిగ్గా మధ్యలో. కాగితంలో ఎడమ అంచు నుంచి ఒక్క అంగుళం లోపల, పడమటి దారి పక్కన, పాడుబడ్డ చర్చి, దాని చుట్టూ చిన్న శ్మశానం. అబీస్ట్రూరీ అంటారు. ఊరికి సుమారు మైలు దూరం కాబట్టి కాగితం మీద ఆరంగుళాలు. అంత దూరం ఎందుకు పట్టించుకున్నానో కాసేపట్లో చెప్తాను.

తొమ్మిదో రోజు వెళ్లేసరికి ఫ్రేమ్ సిద్ధంగా ఉంది. బీడింగ్ మూలలు చక్కగా అతికాయి, అద్దం మీద వేలిముద్ర లేదు. కానీ మ్యాప్ చిన్నదైపోయింది! షాపులో కుర్రాడు రెడీగా కట్ చేసి పెట్టిన 12 అంగుళాల మౌంట్ ఒకటి కనిపిస్తే అదే వేసేశాడు. నాలుగు పక్కలా ఒక్కో అంగుళం తెల్ల అట్ట కిందికి పోయింది.

"ఏమయ్యా, ఎడమ పక్కన చివర ఏమైంది?" అన్నాను.

"ఊరు నడిమధ్యలోనే ఉందే అమ్మా."

"ఊరు కాదు, శ్మశానం."

ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు. "హాల్లో పెట్టుకునే పటంలో శ్మశానం ఎందుకమ్మా? కప్పడిపోయిందే మంచిది. శుభమా అని మనవడు పుట్టాడంటున్నారు."

తప్పు వాళ్లదని తెలిసినా ఆ మాటకి నేనే తడబడ్డాను. నిజమే, మా అత్తగారుంటే ఆవిడా అదే అనేది. సరే, కుర్చీ వేయించుకుని కూర్చుని చెప్పాను. టీచర్లకి ఇదొక జబ్బు, ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే పాఠం మొదలుపెడతాం.

స్కిబెరీన్ పేరుకి చిన్న పడవల రేవు అని అర్థం చెప్తారు. ఐలెన్ అనే నది ఊరి పక్కనుంచి పారుతుంది. సముద్రపు పోటు ఊరిదాకా ఎక్కుతుంది. సాయంత్రం వంతెన మీద నిలబడితే నీళ్లు వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. నది కలిసే చోట బాల్టిమోర్ అనే రేవుంది. 1631 జూన్‌లో అల్జీర్స్ నుంచి వచ్చిన సముద్రపు దొంగలు ఒక్క రాత్రిలో వందమందికి పైగా మనుషుల్ని పట్టుకుని బానిసలుగా తీసుకుపోయారు. మిగిలినవాళ్లు భయపడి నది వెంట లోపలికి జరిగారు, దాంతో ఈ ఊరు పెరిగింది. సముద్రం నుంచి కాస్త దూరంగా, పడవ మాత్రం అందేంత దగ్గరగా. ఊళ్లు ఎక్కడ పుడతాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, రిటైరయ్యాక దొరికింది, ఏం లాభం.

ఈ మ్యాప్ గీసిన కొద్దేళ్లకే, 1845లో, బంగాళాదుంపకి తెగులొచ్చింది. మనకి దుంప అంటే కూర. అక్కడి పేదలకి అదే అన్నం, మూడు పూటలా అదే. 1846లో పంట మొత్తం పోయింది. దేశంలో పది లక్షల మంది చచ్చిపోయారు, మరో పది లక్షలు ఓడలెక్కి పోయారు. స్కిబెరీన్ అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న ఊళ్లలో ఒకటి. 1847లో లండన్ పత్రిక ఒకటి చిత్రకారుణ్ణి పంపి ఇక్కడి బొమ్మలు వేయిస్తేనే చాలామందికి సంగతి తెలిసింది. అడుగు భాగానికి కీలు పెట్టిన శవపేటిక ఉండేది. గుంట మీద పెట్టి అడుగు తెరిస్తే శవం జారిపోతుంది, పెట్టె మళ్లీ తర్వాతివాళ్లకి. ఆ గుంటలు అబీస్ట్రూరీలో. ఎనిమిది నుంచి పది వేలమందిని అక్కడ పూడ్చారని అంచనా. ఇప్పుడక్కడ పచ్చగా, నున్నగా కత్తిరించిన గడ్డి. అంతే. అల్లుడు కారు ఆపితే దిగి చూశాను, ఎక్కడ నిలబడాలో తెలియలేదు, ఎక్కడ అడుగేసినా తప్పే అనిపించింది.

"ఈ మ్యాప్‌లో ఆ గుంటలు లేవు, అప్పటికి తవ్వలేదు కాబట్టి. చుట్టూ చుక్కల్లా కనిపించే ఇళ్లలో వాళ్లు అప్పటికింకా బతికున్నారు. అందుకే నాకా అంగుళం కావాలి," అన్నాను.

ఓనరు ఏం మాట్లాడలేదు. కుర్రాడు మాత్రం అరవంలో అడిగాడు, ఇది తాదు వరుష పంజం లాంటిదా అని. వాళ్ల అవ్వ చెప్పేదట. మనం ధాత కరువు అంటామే, అదే! 1876, 77ల కరువు. దక్షిణాదిన ఆ రెండు మూడేళ్లలో 50 లక్షలకు పైగా పోయారని లెక్క. అప్పుడు కరువు పనికెళ్లిన మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా కాదు. అది తిని మట్టి తవ్వాలి. ఎక్కడ తవ్వారంటే, ఈ షాపు వెనక సందు చివరికెళ్తే స్టేషన్ కింద నల్లగా నిలబడి కంపు కొట్టే నీళ్లున్నాయే, ఆ బకింగ్‌హామ్ కాలువ. కూవం, అడయార్ నదుల్ని కలిపే ఆ ముక్క 1877, 78ల్లో కరువు కూలీలతో తవ్వించారు. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కాబట్టి ఆయన పేరు. స్కిబెరీన్‌కి రైలు వచ్చిందీ 1877లోనే. ఇక్కడ కాలువలో ఇప్పటికీ నీళ్లున్నాయి, అక్కడ 1961లో రైలు ఆగిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాను, అది చెప్తే ఓనరు పెన్సిల్ కింద పెట్టేశాడు. ఐర్లండ్ కరువులో లండన్ ఖజానా నుంచి సహాయం లెక్కలన్నీ చూసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఎక్కువిస్తే జనం సోమరులవుతారనే రకం, ఐరిష్‌వాళ్లు ఈ రోజుకీ ఆ పేరు మంచిగా పలకరు. ఆయనే 1859లో మన మద్రాసుకి గవర్నరుగా వచ్చాడు. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒకప్పుడుండిన పీపుల్స్ పార్క్ ఆయన పెట్టించిందే. మా క్లాసు పిల్లల్ని ఆ వైపు ఎన్నిసార్లు తీసుకెళ్లానో, ఈ సంగతి తెలియకుండానే.

"అంటే ఆయన అక్కడినుంచి ఇక్కడికా?" అన్నాడు ఓనరు. తర్వాత ఇంకేం అడగలేదు. లేచి వెళ్లి, కొత్త మౌంట్ బోర్డు ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

ఆ పని మాత్రం చూసి తీరాలి. కుర్రాడికివ్వకుండా తానే చేశాడు. ముందు మ్యాప్‌ని ఫ్రేమ్ నుంచి తీసి, వెనక అంటించిన టేపుని హెయిర్ డ్రయ్యర్ గాలితో వెచ్చబెట్టి, కాగితం ఒక్క పొర కూడా లేవకుండా వొలిచాడు. అద్దం మీద గీసే పెన్సిల్‌తో శ్మశానం చుట్టూ గాల్లోనే గుండ్రంగా చూపించి "ఇదేనా?" అని అడిగాడు. అవునన్నాను. అంచు నుంచి కావలసిందల్లా పావంగుళం, అంత మాత్రం కింద పడితే చాలు అని కొలిచి, ఇనుప స్కేలు ఆనించి, బ్లేడుని వాలుగా పట్టుకుని ఒక్క లాగులో కోశాడు. మూల దగ్గర ఆగే చోట గీత దాటితే పనికిరాదు. నాలుగు మూలల్లో ఒక్కటీ దాటలేదు. తెగిన అంచు మీద చిన్న తెల్లటి వాలు మెరిసింది. ఫ్రేమ్ కూడా పెద్దది కావాల్సొచ్చింది, పాతది పక్కన పడేసి కొత్త బీడింగ్ కోయించాడు. డబ్బులు ఎక్కువ అడగలేదు. నేనే బోర్డు ఖర్చని 150 ఇవ్వబోతే మొదట వద్దన్నాడు, రెండోసారి అంటే తీసుకున్నాడు. అందుకే మొత్తం 1,600 అనుకోండి.

పని జరుగుతున్నంతసేపూ కుర్రాడు ఊరి గురించి అడుగుతూనే ఉన్నాడు. అక్కడివాళ్లు ఏం చేస్తారు, ఆటలేవి అని. పడవలు నడుపుతారు, ఐలెన్ మీద ప్రాక్టీసు చేసిన కుర్రాళ్లు ఒలింపిక్ మెడల్స్ తెచ్చారు అని చెప్పాను. 2016లో ఓడొనోవన్ అన్నదమ్ములు వెండి, తర్వాత టోక్యోలో, పారిస్‌లో పాల్ ఓడొనోవన్, ఫింటన్ మెకార్తీ జంట బంగారం. మూడు వేలమంది లేని ఊరికి! కాలువ వైపు చేయి చూపిస్తూ, "దీంట్లో పడవ నడిపితే మెడల్ ఇవ్వాల్సిందే" అన్నాడు. పడీ పడీ నవ్వాను.

ఓనరు సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఫ్రేమ్ చేతికిచ్చేటప్పుడు, హాల్లో పెట్టుకోవద్దని మళ్లీ అనలేదు, కానీ దేవుడి పటం ఎదురుగా మాత్రం తగిలించొద్దన్నాడు. సరేనన్నాను. వంటింటికి, హాలుకి మధ్య గోడ మీద తగిలించాను, కాఫీ తాగుతూ కూర్చుంటే కనిపిస్తుంది. కొక్కెం ఒకటి కాస్త వదులు, నేనే సుత్తితో బిగించుకున్నాను.

వెళ్లేవాళ్లకి: ఉదయం పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు షట్టరు సగమే తీస్తారు. బండి పెట్టుకోవడానికి చోటుండదు, స్టేషన్ నుంచి నడవండి, ముక్కు మూసుకుని. పాత ఫోటో అయినా, మ్యాప్ అయినా, మీకు ముఖ్యమైన చోటేదో ఆర్డరిచ్చేటప్పుడే వేలితో చూపించండి. కుర్రాడు రెడీ మౌంట్ చేతిలోకి తీసుకుంటే అక్కడే ఆపి, ఓనరునే కోయమనండి.