పెద్దమనుషులా, లోక్ అదాలతా: ఏ తగాదాకు ఏది మేలు?

పక్కింటి చూరు నీళ్లు మన ప్రహరీ మీద పడటం, గెట్టు రాయి ఇవతలికి జరగడం, తండ్రి పోయాక అన్నదమ్ములకు పాలు తెగకపోవడం. ఇవన్నీ కోర్టు మెట్లెక్కకుండా తేలదగ్గవే. దారులు మూడు: పెద్దమనుషుల పంచాయితీ, లోక్ అదాలత్, 2023 మధ్యవర్తిత్వ చట్టంలోని సామాజిక మధ్యవర్తిత్వం.

చూరుకూ గెట్టుకూ పెద్దమనుషులే మేలు. గెట్టు మొన్నటిదాకా ఎక్కడుందో వాళ్లకు తెలుసు, టేపు పట్టుకుని అక్కడికే వస్తారు. చెరో ఇద్దరు, ఇరువురికీ సమ్మతమైన ఒకరు ఉంటే కూర్చున్న పూటే తెగొచ్చు. కొన్నిచోట్ల ముందే ధరావతు కట్టిస్తారు, మాట తప్పితే అది పోతుంది. ఆ డబ్బు ఎవరి దగ్గరుందో రాసి లేకపోతే అదే రెండో తగాదా. రాజీ కాగితంలో "ఇద్దరూ సర్దుకుపోవాలి" అని రాస్తే నిలవదు. "ఫలానా తేదీలోగా, ఫలానావారి ఖర్చుతో చూరుకు రేకు కాలువ కట్టి నీళ్లు వీధి కాల్వలోకి వదలాలి" అని రాయాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు.

డబ్బు తగాదాకు ఈ దారి చేటు. పంచాయితీ నడుస్తోందని ప్రామిసరీ నోటు మూడేళ్ల గడువు ఆగదు. "సంక్రాంతి పోనీ" అంటూ వాయిదాలు పడితే నోటు కాలదోషం పట్టి చిత్తు కాగితమవుతుంది. గడువులోపే బాకీ ఉందని అప్పు తీసుకున్నవారి సంతకంతో రాయించుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు.

అసలు ఇలాంటివాటికి లోక్ అదాలతే సరైనది. కేసు వేయకముందే మండల న్యాయసేవల కమిటీకి అర్జీ ఇవ్వొచ్చు, ఫీజు లేదు. అవతలివారు రాకపోయినా, ఒప్పుకోకపోయినా వ్యవహారం అక్కడితో ఆగుతుంది, బలవంతపు తీర్పు ఉండదు. కుదిరితే ఇచ్చే అవార్డు 1987 న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు ఇచ్చే తుది తీర్పుతో సమానం. డబ్బు కట్టకపోతే ఈపీ (అమలు పిటిషన్) వేసి రాబట్టుకోవచ్చు. దాని మీద అప్పీలు లేదు కాబట్టి చదివించుకున్నాకే సంతకం. అప్పటికే కోర్టులో ఉన్న కేసు ఇక్కడ తెగితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది.

సామాజిక మధ్యవర్తిత్వంలో ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో ముగ్గురు మధ్యవర్తులు కూర్చుంటారు. దరఖాస్తు న్యాయసేవల సంస్థకే. చెప్పుకోదగ్గ తేడా ఒక్కటే: ఇక్కడి రాజీపత్రం డిక్రీలా అమలు కాదని 44వ సెక్షనే చెబుతోంది. అంటే బలం విషయంలో ఇది పెద్దమనుషుల కాగితానికే దగ్గర. పైగా 2023 అక్టోబర్ 9న అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో ఈ మధ్యవర్తిత్వానికి చెందిన 43, 44 లేవు. మీ దగ్గర ప్యానెల్ ఉందో లేదో ముందు కనుక్కోండి.

మా సలహా అడిగితే, మాటలు పెద్దల దగ్గర తెంచుకుని, అదే ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా రాయించుకోండి. భూమి పంపకమైతే అదీ చాలదు, రిజిస్ట్రేషన్ సంగతీ చూసుకోవాలి. "ఈ కాగితం ద్వారా పంచుకున్నాం" అని రాసుకున్న రిజిస్టరు కాని పత్రం హక్కుకు రుజువుగా నిలవదు.

ఆలుమగల గొడవలో కొట్టడం ఉంటే మూడూ వద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. విడాకులివ్వడం లోక్ అదాలత్ పరిధిలో లేదు. పెద్దలు రాసిన తెగదెంపుల కాగితం కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప చెల్లదు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ద్విభార్యత్వం కేసు మెడకు చుట్టుకుంటుంది.