నల్లగొండలో ఫోన్ రిపేరుకు ఇచ్చేవాళ్లు ఇది చదివి వెళ్లండి

మా చిన్నమ్మ శాంసంగ్ ఫోన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. టచ్ పనిచేయదు, స్క్రీన్ ఆరదు, పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. క్లాక్ టవర్ దగ్గర ఒక షాపుకు తీసుకెళ్తే సాఫ్ట్‌వేర్ పోయింది, మళ్లీ ఎక్కించాలి అని 1200 తీసుకున్నాడు. అడగలేదు, చెప్పలేదు, ఫోన్ మొత్తం తుడిచేశాడు. పత్తి అమ్మిన తక్‌పట్టీల ఫొటోలు, మనవడి ఫొటోలు, నంబర్లు అన్నీ పోయాయి. ఆన్ అయ్యాక పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడిగింది (రికవరీ అనే లోపలి మెనూ నుంచి ఫోన్ తుడిచేసి రీసెట్ కొడితే గూగుల్ అలాగే అడుగుతుంది), ఆ లాక్ తీయడానికి ఇంకో 500. రసీదు అంటే ఒక చీటీ ముక్క, దాని మీద షాపు పేరు కూడా లేదు.

ఇంత చేశాక ఇంటికొచ్చిన ఫోన్ మళ్లీ అలాగే ఆగింది. ఈసారి పవర్, వాల్యూమ్ డౌన్ రెండూ కలిపి నేను పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే శాంసంగ్ అని పేరు వచ్చి మామూలుగా ఆన్ అయ్యింది. అంతే పని! పాత ఫోన్లలో బ్యాటరీ తీసి పెట్టేవాళ్లం కదా, ఇప్పుడు అది లోపలే అతికించి ఉంటుంది కాబట్టి ఆ పని బటన్లతో చేయాలి, దీనివల్ల ఒక్క ఫొటో కూడా పోదు. ఐఫోన్ 8, ఆ తర్వాతవి అయితే వాల్యూమ్ అప్ నొక్కి వదిలి, డౌన్ నొక్కి వదిలి, పక్క బటన్ ఆపిల్ గుర్తు వచ్చేదాకా వదలొద్దు. శాంసంగ్‌లో పొరపాటున నల్ల స్క్రీన్ మీద ఇంగ్లిష్ మెనూ వస్తే భయపడకండి, రీబూట్ సిస్టమ్ నౌ ఎంచుకోండి, అన్నీ తుడిచేసే వైప్ డేటా జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

ఇవన్నీ చేసినా లేవకపోతేనే షాపుకు వెళ్లండి. డేటా పోతుందా అని ముందే అడగండి, పోతుందంటే ఫోన్ వెనక్కి తీసుకోండి. జీఎస్టీ నంబరున్న బిల్లు లేకుండా డబ్బులివ్వద్దు. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండుచోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, వకీలు లేకుండానే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. చిన్నమ్మ దగ్గర సరైన బిల్లు లేదు గానీ డబ్బులు ఫోన్‌పేలో కొట్టింది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రెండు చెల్లింపులూ ఉన్నాయి, వాటితోనే ఫిర్యాదు రాస్తున్నాం.