కార్ల్స్‌బాడ్ గుహల దారిలో కరిగిన కాయిల్ ప్లగ్గు: ఎక్కడ దిగాలి, ఎవరికి చూపించాలి

డాలస్ నుంచి కార్ల్స్‌బాడ్ గుహలు, గ్వాడలూప్ పర్వతాలు, వైట్ శాండ్స్ తెల్ల ఇసుక దిబ్బలు కలిపి చుట్టి రావాలనుకునేవాళ్లు మకాం న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ ఊళ్లోనే పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. గుహలకు దగ్గరని వైట్స్ సిటీలో దిగేవాళ్లున్నారు. అక్కణ్ణుంచి 7 మైళ్లే, నిజమే. కానీ బండికి ఏమైనా అయితే మళ్లీ 20 మైళ్లు వెనక్కి, కార్ల్స్‌బాడ్‌కే రావాలి. ఆటో పార్ట్స్ కొట్లు, మెకానిక్కులు ఉన్నది ఇక్కడే. చమురు బావుల పనివాళ్లు వారమంతా గదులు పట్టేస్తారు కాబట్టి మామూలు రోజుల్లో అద్దెలు మండిపోతాయి. శని, ఆదివారాలు నయం.

మేం వెళ్లింది మా బావ పికప్‌లో. వీ8 ఇంజన్, సిలిండర్‌కో ఇగ్నిషన్ కాయిల్, అంటే పెట్రోలు అంటించే నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది. వైట్స్ సిటీ దాటాక గుహల దాకా ఎక్కుడు. పైకి చేరబోతుండగా బండి వణకడం మొదలైంది, చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతోంది. అది నిలకడగా వెలిగితే ఊరు చేరాక చూసుకోవచ్చు. ఇలా కొట్టుకుంటుంటే మాత్రం బండి ఆపాల్సిందే. కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు లెక్కలోకే రాదు.

విజిటర్ సెంటర్ దగ్గర ఆపి, ఇంజన్ చల్లారేలోగా గుహ చూసొచ్చాం. సహజ ద్వారం నుంచి నడిస్తే మైలుంపావు దారిలో 750 అడుగులు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్టే మేలు, బిగ్ రూమ్ అనే గుహలోని పెద్ద గది చుట్టూ ఎలాగూ మరో మైలుంపావు నడక ఉంది. లోపల ఎప్పుడూ 56 డిగ్రీల ఫారన్‌హీటే, స్వెటర్ తప్పదు.

పైకొచ్చి హుడ్ ఎత్తితే ఒక కాయిల్ ప్లగ్గు, అంటే కాయిల్‌కి తీగలు తగిలించే ముక్క, మైనంలా కరిగి కాయిల్‌కి అతుక్కుపోయి ఉంది. పిన్ను పట్టు వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వేడి పుడుతుంది, కాయిల్ లోపల షార్టయినా అంతే. బావ దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఆ సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ప్లగ్గు కూడా తీసేశాడు. అప్పుడిక దానికి పెట్రోలు అందదు. మిగతా ఏడు సిలిండర్ల మీద నింపాదిగా కార్ల్స్‌బాడ్ చేరాం.

ఒక డీలర్ సర్వీసులో వైరింగ్ మొత్తం మార్చాలన్నారు, సామాను రావడానికి వారం పడుతుందన్నారు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు ఆ మాట ఎందుకూ పనికిరాదు. పార్ట్స్ కొట్లో తీగలతో సహా వచ్చే కొత్త ప్లగ్గు దొరికింది, దాన్ని పిగ్‌టెయిల్ అంటారు. కాయిల్ కూడా కొత్తదే కొన్నాం. పాతదాని పిన్నులు నల్లబడి ఉన్నాయి, వాటి మీద కొత్త ప్లగ్గు పెడితే అదీ కరుగుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి మోటెల్ పార్కింగ్‌లోనే పని మొదలుపెట్టాం. “ఒక తీగ కోసి కలిపాకే రెండోది ముట్టుకో, లేకపోతే తారుమారవుతాయి” అన్నాడు బావ. పైతొడుగు వలిస్తే రాగి నల్లగా ఉంది. ఎర్రగా మెరిసేదాకా వెనక్కి కోసుకుంటూ వచ్చాం. నల్లబడ్డ రాగి మీద జాయింటు వేస్తే మళ్లీ వేడెక్కుతుంది. రెండు జాయింట్లూ పక్కపక్కన పడకుండా ఎగుడుదిగుడుగా వేసి, క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగుతో నొక్కి బిగించి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాం. ఇంజన్ వేడికి మామూలు టేపు నిలవదు. చివరికి తీగను ఇంజన్ వేడి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా జరిపి కట్టాం. ఇంజెక్టర్ ప్లగ్గు పెట్టేసి స్టార్ట్ చేస్తే వణుకు లేదు.

గ్వాడలూప్ పార్కులో పెట్రోలూ లేదు, గదులూ లేవు. ట్యాంకు నింపుకునే వెళ్లండి. వైట్ శాండ్స్‌కి అలమగోర్డోలో దిగడం సుఖం, క్షిపణి పరీక్షలప్పుడు పార్కు దారి మూసేస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే కనుక్కోండి. తిరుగు దారిలో అక్కణ్ణుంచి క్లౌడ్‌క్రాఫ్ట్‌కి 4,000 అడుగులకు పైగా ఎక్కుడుంది. అంత ఎక్కుడులోనూ మా బండి ఒక్క జర్కు ఇవ్వలేదు.