జలుబా, ఫ్లూనా?
జలుబు మెల్లగా మొదలవుతుంది: ముందు గొంతు గరగర, తర్వాత తుమ్ములు, ముక్కు కారడం, జ్వరం వచ్చినా కొంచెమే. ఫ్లూ అలా కాదు, పొద్దున హన్మకొండ చౌరస్తాలో బాగానే తిరిగిన మనిషి సాయంత్రానికి 102 జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, పొడి దగ్గుతో మంచం దిగలేడు. రెండూ వైరస్‌తో వచ్చేవే, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగితే ఏ లాభమూ లేదు, దయచేసి ఆ అలవాటు మానండి. జలుబుకు విశ్రాంతి చాలు. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు ఉంది కానీ లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అందుకే గర్భిణులు, ముసలివాళ్లు, పసిపిల్లలు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఆగకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, మనిషి అయోమయంగా మాట్లాడటం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం కనిపిస్తే రాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి. వానాకాలంలో జలుబు, దగ్గు లేకుండా గట్టి జ్వరం ఉంటే డెంగీ పరీక్ష కూడా అడగండి.