డేటాబేస్ పాస్‌వర్డ్ ‘అప్‌గ్రేడ్’ అని కొటేషన్ వచ్చిందా? బిల్లు కట్టే ముందు ఇది చదవండి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీ హాస్టళ్లు నడిపే మనవాళ్లందరికీ చెప్తున్నాను. అద్దెలు, అడ్వాన్సులు, ఆధార్ కాపీలు పెట్టుకునే మీ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్ మీద నడుస్తుంటే, ‘పాస్‌వర్డ్ సెక్యూరిటీ అప్‌గ్రేడ్’ అంటూ ఒక కొటేషన్ మీ దాకా కూడా వచ్చే అవకాశం ఉంది. మాకు వచ్చింది. నలభై వేలు, పైన జీఎస్టీ. అందులో సగానికి పైగా ‘స్క్రామ్ లైసెన్స్’ అనే లైన్ కిందే వేశారు.

అలాంటి లైసెన్స్ అసలు లేదు. పోస్ట్‌గ్రెస్ ఓపెన్ సోర్స్, ఉచితం. స్క్రామ్-షా-256 అనే, పాస్‌వర్డ్‌లు దాచి సరిచూసే ఈ గట్టి పద్ధతి 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచే అందులో ఉంది. 2021 నాటి 14వ వెర్షన్ నుంచయితే, సెట్టింగ్ కదపకపోతే కొత్త పాస్‌వర్డ్‌లన్నీ ఆ పద్ధతిలోనే దాస్తుంది. వచ్చి పని చేసిన మనిషికి కూలి ఇవ్వాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. ఊరికే వచ్చేదాన్ని లైసెన్స్ అని బిల్లులో ఎక్కించడమే దగా.

డబ్బు సంగతి అలా ఉంచండి, చేసిన పని అంతకన్నా ఘోరం.

అప్‌గ్రేడ్ అవసరమన్న మాట మాత్రం నిజమే. పాత పద్ధతి పేరు ఎండీ5. పాస్‌వర్డ్‌కి యూజర్ పేరు కలిపి హ్యాష్‌గా, అంటే వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి దాస్తుంది. ఆ హ్యాష్ ఎవరి చేతికైనా చిక్కితే, అసలు పాస్‌వర్డ్ తెలియకపోయినా దానితోనే లాగిన్ అయిపోవచ్చు. స్క్రామ్‌లో ప్రతి పాస్‌వర్డ్‌కీ వేరే సాల్ట్ (ర్యాండమ్‌గా పుట్టే అక్షరాల ముక్క) కలుస్తుంది, హ్యాష్ మామూలుగా 4096 సార్లు తిరుగుతుంది, సర్వర్‌లో దాచిన దాన్ని ఎత్తుకుపోయినా దానితో నేరుగా లోపలికి రాలేరు. 18వ వెర్షన్‌లో ఎండీ5 పాస్‌వర్డ్ పెడితే పోస్ట్‌గ్రెస్సే హెచ్చరిక చూపిస్తుంది. ఈ టెన్షన్ చూపించే మనకు అమ్ముతున్నారు.

కిటుకు ఎక్కడుందంటే, పాత హ్యాష్ నుంచి కొత్తది పుట్టదు. సెట్టింగ్ మార్చాక ప్రతి యూజర్ పాస్‌వర్డ్‌నూ మళ్లీ పెట్టాలి. మా దగ్గరికి వచ్చిన అబ్బాయి సెట్టింగ్ ఒక్కటే మార్చాడు. స్క్రీన్ మీద ఆ స్క్రామ్ పేరు చూపించి, ఫొటో తీసి రిపోర్టులో అంటించాడు. తర్వాత ఎవరెవరిని రానివ్వాలో రాసుండే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైల్లో స్క్రామ్ లైన్ పెట్టాడు. పెట్టగానే అద్దెల యాప్ ఆగిపోయింది. ఆగకేం చేస్తుంది, లోపలున్నవన్నీ ఎండీ5 హ్యాష్‌లే కదా! మా మేనేజర్ గోల పెట్టేసరికి కాసేపు ఏదో కొట్టి, "అయిపోయిందన్నా, ఇప్పుడు చూడండి" అన్నాడు. నిజంగానే నడిచింది.

ఎలా నడిచిందో మా అక్క కొడుకు వచ్చాక బయటపడింది. వాడు వైట్‌ఫీల్డ్‌లో డేటాబేస్ పనే చేస్తాడు. ఆదివారం భోజనానికి వచ్చి, తన ఫోన్ హాట్‌స్పాట్ మీదే ల్యాప్‌టాప్‌లో మా డేటాబేస్‌లోకి వెళ్లే పీజీఅడ్మిన్ ప్రోగ్రాం తెరిచి, పాస్‌వర్డ్ అడిగిన చోట ‘గోంగూర’ అని కొట్టాడు. లోపలికి వెళ్లిపోయాడు. "మామా, ఏది కొట్టినా తీస్తుంది" అని ఈసారి ‘పప్పు’ అని కొట్టాడు. అదీ తీసింది. ఫైల్ తెరిస్తే స్క్రామ్ లైన్ అడుగున భద్రంగా ఉంది. దాని పైన, ప్రపంచంలో ఏ ఐపీ అడ్రస్‌కైనా వర్తించేలా ‘ట్రస్ట్’ అని ఇంకో లైన్. అంటే ఎవరొచ్చి ఏ యూజర్ పేరు చెప్పినా పాస్‌వర్డ్ లేకుండా రానివ్వమని. పోస్ట్‌గ్రెస్ ఆ ఫైల్‌ను పైనుంచి చదువుతూ, సరిపోయిన మొదటి లైన్ దగ్గరే ఆగిపోతుంది. కింద ఏం రాసున్నా చూడదు. అప్‌గ్రేడ్‌కు ముందు ఎండీ5 అయినా ఉండేది. డబ్బిచ్చి మరీ అదీ తీయించుకున్నట్టయింది.

ఫోన్ చేసి అడిగితే వాళ్ల ఓనరు, "మీ యాప్ డ్రైవర్ పాతది సార్, స్క్రామ్ రాదు, అందుకే టెంపరరీగా పెట్టాం" అన్నాడు. డ్రైవర్ అంటే యాప్‌ను డేటాబేస్‌కు కలిపే ప్రోగ్రాం. పాత జావా డ్రైవర్లకు స్క్రామ్ రాదన్నది నిజం. 42.2.0 వెర్షన్ నుంచి వస్తుంది, అదీ ఉచితమే. మా యాప్‌లో ఉన్నది అంతకన్నా కొత్తదని మావాడు అక్కడికక్కడే చూపించాడు. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. సగం అడ్వాన్సుగా ఇచ్చాం, మిగతా సగం ఆపేశాం.

మీరు ఎవరితో చేయించినా, ఫైనల్ పేమెంట్‌కు ముందు పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లుండే పీజీ_ఆథ్‌ఐడీ టేబుల్ తెరిపించి రోల్‌పాస్‌వర్డ్ కాలమ్ చూడండి. అది సూపర్‌యూజర్‌కే, అంటే అన్ని హక్కులున్న యూజర్‌కే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ ఉన్న ప్రతి వరుసా స్క్రామ్ పేరుతోనే మొదలవ్వాలి. ఎండీ5 అని ఒక్కటి కనిపించినా పని పూర్తి కానట్టే. వేరే నెట్ మీద నుంచి తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూడండి, తిప్పి పంపాలి. యాప్ ఆగిపోతుందని భయపెడితే నమ్మకండి: ఫైల్లో ఎండీ5 లైన్‌ను అలాగే ఉంచి పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ పెట్టుకోవచ్చు, ఆ లైన్ స్క్రామ్ పాస్‌వర్డ్‌లనూ ఒప్పుకుంటుంది. అందరివీ అయ్యాక లైన్ మార్చితే చాలు. పోస్ట్‌గ్రెస్ కమాండ్లు కొట్టే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రాంలో బ్యాక్‌స్లాష్ పెట్టి ‘పాస్‌వర్డ్’ కమాండ్ వాడితే, మీరు కొట్టింది మీ కంప్యూటర్‌లోనే హ్యాష్ అయి వెళ్తుంది, సర్వర్ లాగ్‌లో పడదు. మాకు పని చేసిన వెండర్ వాళ్లయితే పాస్‌వర్డ్‌ల లిస్టు మొత్తం ‘రికార్డ్ కోసం’ అని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. ఆ గ్రూప్‌లో పని మానేసిన వార్డెన్ కూడా ఉన్నాడు!

పిల్లల ఆధార్‌లు బయటికి పోతే ‘వెండర్ చేశాడు’ అంటే చెల్లదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం ఆ బాధ్యత సేకరించిన మనదే. వ్యాపారం కోసం కొన్నవాటికి వినియోగదారుల కేసు నిలబెట్టడం కూడా అంత తేలిక కాదు. కాబట్టి రాతపూర్వకంగా ఏం చేస్తారో ముందే రాయించుకోండి.

ఈ వెండర్ వాళ్లు ఇప్పుడు కుందలహళ్లి వైపు పీజీల్లో తిరుగుతున్నారని విన్నాను. మీకిచ్చిన కొటేషన్‌లో కూడా ‘స్క్రామ్ లైసెన్స్’ ఉంటే, దాన్ని వాళ్లు ఎవరి దగ్గర కొన్నారో ఆ బిల్లు చూపించమని అడగండి.