ఎఫ్‌షార్ప్, ఫంక్‌యూఐ: వేబ్రిడ్జి తెర వెనుక ఫంక్షనల్ భాష

గాజువాక ఆటోనగర్‌లోని ఒక వేబ్రిడ్జికి (లారీలను తూచే కాటాకు) తూకం చీటీలు ఇచ్చే డెస్క్‌టాప్ ప్రోగ్రామును ఎఫ్‌షార్ప్ అనే ఫంక్షనల్ భాషలో (ఫంక్షన్లే ప్రధానంగా రాసే ప్రోగ్రామింగ్ భాషలో), విండోలు, బటన్లు గీసే అవలోనియా అనే సాధనంపై నడిచే ఫంక్‌యూఐ లైబ్రరీతో రాశాను. అన్నీ ఉచితంగా దొరికేవే.

లారీ కాటా ఎక్కినప్పుడు లోడు బరువు తీయాలి, సరుకు దించి తిరిగి వచ్చాక ఖాళీ బరువు తీయాలి, ఆ తర్వాతే నికర బరువుతో చీటీ రావాలి. వీటికి విడివిడిగా బూలియన్ (అవును/కాదు) గుర్తులు పెట్టుకుంటే, ఖాళీ బరువు లేకుండానే ప్రింటు బటన్ పనిచేసే సందర్భం ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. ఎఫ్‌షార్ప్‌లో ఒక్కో దశను యూనియన్ టైపులో (కొన్ని కేసుల్లో ఏదో ఒక్కటే కాగల డేటా రకంలో) ఒక్కో కేసుగా రాసి, నికర బరువును చివరి కేసులో మాత్రమే ఉంచాను కనుక, అది లేని చీటీని అచ్చువేసే కోడ్ అసలు కంపైలే కాదు, అంటే నడిచే ప్రోగ్రాముగా మారదు. తర్వాత ‘రద్దు’ అనే దశను చేర్చినప్పుడు, దాన్ని పట్టించుకోని ప్రతి మ్యాచ్ (ఏ కేసుకు ఏం చేయాలో చెప్పే కోడ్) దగ్గరా కంపైలర్ హెచ్చరించింది. అది హెచ్చరిక మాత్రమే, బిల్డు ఆగదు. దాన్ని ఎర్రర్‌గా మార్చే సెట్టింగు పెట్టుకోవడం మంచిది.

ఈ ప్రోగ్రాములో వాడిన మోడల్ (ప్రస్తుత స్థితి), అప్‌డేట్ (సందేశాన్ని బట్టి ఆ స్థితిని మార్చే ఫంక్షన్), వ్యూ (ఆ స్థితిని తెరపై చూపే ఫంక్షన్) అనే అమరిక ఎల్మ్ భాష నుంచి వచ్చింది. కాటా యంత్రం నుంచి సీరియల్ పోర్టు ద్వారా వచ్చే బరువు కూడా బటన్ నొక్కు లాగే ఒక సందేశంగా అప్‌డేట్‌కు చేరుతుంది కాబట్టి, విండో తెరవకుండానే, కాటా లేకుండానే మొత్తం తర్కాన్ని పరీక్షించగలిగాను.

చిక్కు వ్యూ దగ్గర ఉంది. ఫంక్‌యూఐ బటన్‌కు ఇచ్చిన ఫంక్షన్‌ను మొదటిసారి గీసినప్పుడు తగిలించి, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆపై మార్చదు. ఆ ఫంక్షన్ లోపల లారీ నంబరును నేరుగా వాడితే, తెరపై కొత్త నంబరు కనిపిస్తున్నా చీటీపై పాతదే పడుతుంది. బటన్ నుంచి వట్టి సందేశాన్ని పంపి, నంబరును అప్‌డేట్‌లో మోడల్ నుంచి తీసుకోవడమే సురక్షితం. పైగా అవలోనియా ఉదాహరణలు ఎక్కువగా సీషార్ప్ భాషలో, తెర రూపాన్ని వర్ణించే ఎక్సామెల్ (XAML)లో ఉంటాయి. వాటిని మనమే మార్చి రాసుకోవాలి.

తెలుగు అక్షరాల విషయంలో ఇబ్బంది లేదు. అవలోనియా అక్షరాలను, వత్తులను సరిగా అమర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతుంది కనుక, తెలుగు ఫాంటు ఉంటే ‘శ్రీలక్ష్మీ ట్రాన్స్‌పోర్ట్’ వంటి పేర్లలో వత్తులు చెదరవు.

విశాఖలో సీషార్ప్ తెలిసినవారు దొరికినంత సులువుగా ఎఫ్‌షార్ప్ తెలిసినవారు దొరకరు. నాలుగు ఫారాలు నింపి భద్రపరిచే ప్రోగ్రామే కావాలనుకునేవారికి దీన్ని సిఫార్సు చేయను; దశలు, రద్దులు, యంత్రాల నుంచి వచ్చే సంకేతాలు కలగలిసే చోట మాత్రం నేను మళ్లీ దీన్నే ఎంచుకుంటాను.